సగం వేగం

వంతెన మూసేసిన ఆ మూడు నెలలూ మా ఇంట్లో ఏ వస్తువూ పెట్టిన చోట ఉండలేదు.

మా వంటింటిని నది గోడ మీదే కట్టారు. కిటికీలోంచి తొంగిచూస్తే కింద నీళ్ళే. మామూలు రోజుల్లో గంటకోసారి పాత లాంచీ దగ్గుకుంటూ వెళ్ళేది, అంతే. వంతెన స్తంభాలు పగిలాయని వర్షాకాలం మొదట్లో రాకపోకలు ఆపేశాక ఊరు ఊరంతా నీళ్ళ మీద పడింది. లాంచీల కంపెనీ వాళ్ళు ఎక్కడినుంచో ఒక కొత్త పడవ తెచ్చారు. సన్నగా, తెల్లగా, ముక్కు పైకెత్తుకుని ఉండేది. దానికేదో పేరు రాసి ఉంది గానీ ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. అందరికీ అది ‘తెల్లది’.

తెల్లది వెళ్ళిన ప్రతిసారీ అల వచ్చి మా గోడకి కొట్టేది. అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అంచుకి జరిగేవి. నేను వెనక్కి నెట్టేదాన్ని. అవి మళ్ళీ జరిగేవి. రోజుకి ఇరవై రెండు ట్రిప్పులు. కూర్చుని రెండు పేజీలు చదువుదామంటే కుదరదు, పొయ్యి మీద గిన్నె పెట్టి పక్క గదిలోకి వెళ్దామంటే కాలు ఆడదు. ఉన్నచోట ఉండలేక, వెళ్ళిన చోట నిలవలేక ఇల్లంతా తిరుగుతూ ఉండేదాన్ని.

ఆ తెల్లదాన్ని నడిపేది మా ఆయనే.

పద్నాలుగేళ్ళు పాత లాంచీకి సరంగుగా చేసిన మనిషి. నదిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. మర్యాద సరంగు అనేవారు. ఎదురుగా గానీ పక్కన గానీ తెడ్ల పడవ కనిపిస్తే ఆయన చెయ్యి దానంతటది హ్యాండిల్ మీదికి వెళ్ళి వేగాన్ని సగానికి లాగేసేది. లాంచీ వెనక అల అక్కడికక్కడ చల్లబడేది. “మన వెనక లేచిన అల మనదే. అది ఎవరి పడవని తిరగేసినా మనం తిరగేసినట్టే,” అని భోజనాల దగ్గర చెప్పేవాడు. మిగతా సరంగులు నవ్వుకునేవారు. కానీ కొత్త పడవ వచ్చినప్పుడు మేనేజరు పిలిచింది ఈయన్నే. అరపూట శిక్షణ ఇచ్చి తాళాలు చేతిలో పెట్టారు. వంతెన తెరిచాక కూడా ఆ పడవని ఉంచుతామని, పెద్ద సరంగు హోదా ఆయనదేనని చెప్పారు. ఆ రోజు ఇంటికొచ్చి ఆ తాళాలు బల్ల మీద పెట్టి, వాటికెదురుగా కూర్చుని టీ తాగాడు.

ముందు గదిలో మా వదిన ఉండేది. మా ఆయనకి అక్క, యాభై ఏడేళ్ళు. మా రేవుకీ అవతల మార్కెట్టు రేవుకీ మధ్య తెడ్ల పడవ నడిపేది. లాంచీ క్యూలో నిలబడే ఓపిక లేనివాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, బుట్టలవాళ్ళు ఆవిడ పడవ ఎక్కేవారు. ఆవిడ నోటికి జడిసేవాళ్ళు మాత్రం క్యూలోనే నిలబడేవారు.

“ఎలా ఉందిరా నీ తెల్లది?” అని మొదటి రోజు సాయంత్రం అడిగింది.

“వెన్నలా పోతుందక్కా. వేలు పెడితే చాలు.”

“వెన్న మీకు, కుదుపు మాకా?”

“కొత్త కదక్కా. అయినా నిన్ను చూస్తే తగ్గిస్తున్నానుగా.”

“తగ్గిస్తున్నావు,” అంది వదిన. “నువ్వు మర్యాద సరంగువి. తగ్గించకుండా ఉంటావా.” ఆ తర్వాత కంచంలోకి చూసుకుంటూ తినేసి లేచిపోయింది.

కంపెనీ ఆయనకి ఒక్కో ట్రిప్పుకి పదకొండు నిమిషాలు ఇచ్చింది. తెడ్ల పడవల కోసం తగ్గిస్తే పన్నెండయ్యేది. మేనేజరు సణిగేవాడు. ఈయన విన్నట్టే ఉండి తన పని తాను చేసుకునేవాడు. చిన్న పడవలవాళ్ళు చెయ్యెత్తేవాళ్ళు. ఈయనా చెయ్యెత్తేవాడు. మా కిటికీలోంచి చూస్తుంటే నాకే గర్వంగా ఉండేది.

*

ఐదో వారంలో అనుకుంటాను, రెండు రోజుల వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం. వదినకి ఫ్లాస్కులో టీ పట్టుకుని రేవుకి వెళ్ళాను. అప్పుడే పడవ ఒడ్డుకి తెచ్చింది. ఎడమ చేత్తో రేవు స్తంభాన్ని పట్టుకుని పడవని నిలిపి, కళ్ళద్దాల పంతులమ్మని దింపుతోంది. పంతులమ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టి, రెండో కాలు సంగతి ఆలోచిస్తోంది.

“పంతులమ్మా, పరీక్ష పేపరు దిద్దుతున్నారా ఏంటి. దిగండి.”

మలుపు దగ్గర తెల్లది కనిపించింది. వదిన వీపు అటువైపు. కానీ చప్పుడు వింది. మా ఆయన మమ్మల్ని చూశాడు. ఇంజను చప్పుడు సగానికి పడిపోయింది. ఆయన చెయ్యెత్తాడు. వదిన వెనక్కి తిరక్కుండానే కుడి చెయ్యెత్తింది. తెల్లదాని వెనక భాగం నీళ్ళలోకి కుంగింది, ముక్కు ఆకాశానికి లేచింది, అది అలాగే ఈడ్చుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. దాని వెనకే నీళ్ళు దుప్పటి మడత పెట్టినట్టు లేచాయి.

వదిన స్తంభం వదిలెయ్యొచ్చు. వదిలితే పంతులమ్మ రెండు కాళ్ళ మధ్యా నీళ్ళుండేవి. వదల్లేదు. పడవ ఒక్క ఊపున పైకి లేచి స్తంభం మీదికి ఒరిగింది. చెయ్యి మధ్యలో ఉంది.

ఆవిడ అరవలేదు. ముఖం మాత్రం సున్నంలా అయిపోయింది. “ముందు మీరు దిగండి పంతులమ్మా,” అంది. పంతులమ్మ దిగాక నా వైపు చూసి, “అమ్మాయ్, ఆ ఫ్లాస్కు కింద పెట్టి ఇలా రా,” అంది.

తెల్లది అప్పటికే అవతలి మలుపు తిరిగిపోయింది. ఆయనకి పదకొండు నిమిషాలు.

*

ఉంగరపు వేలు, చిటికెన వేలు ఎముకలు నలిగిపోయాయి. కట్టు కట్టిన డాక్టరు, పట్టు మళ్ళీ వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనని అన్నాడు. ఆ వారం రోజులూ మా ఇంట్లో ఒకే మాట తిరిగింది.

“నేను తగ్గించానక్కా,” అనేవాడు మా ఆయన గుమ్మంలో నిలబడి.

“తగ్గించావురా. విన్నాను.”

కాసేపయ్యాక మళ్ళీ వచ్చి, “నిన్ను చూడగానే తగ్గించాను,” అనేవాడు.

“ఎన్నిసార్లు చెప్తావు. చెయ్యి నలిగింది గానీ చెవులు బాగానే ఉన్నాయి.”

రేవు ఆఫీసరు ఇంటికే వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ మడత నలగని మనిషి. ముందు గదిలో కుర్చీలో కూర్చుని కాగితాలు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. తెల్లదాంట్లో ఉన్న ముప్పై నలుగురు ప్రయాణికులు, పడవ వేగం తగ్గించిన మాట నిజమేనని సంతకాలు పెట్టారట. మేనేజరు ఆ కాగితాన్ని అప్పటికే అందించేశాడు.

“మరి చెయ్యి ఎలా నలిగింది?” అని అడిగాడు ఆఫీసరు.

“నాదే తప్పు బాబూ,” అంది వదిన. “వయసు మీద పడింది కదా. చెయ్యి ఎక్కడ పెట్టానో చూసుకోలేదు.”

నేను టీ కప్పులతో గుమ్మంలో ఉన్నాను. వయసు మీద పడిందన్న మాట ఆవిడ నోటివెంట నేను వినడం అదే మొదలు. ఎవరైనా ముసలమ్మ అంటే వాళ్ళని నది మధ్యలో దింపేస్తానని బెదిరించే మనిషి.

ఆఫీసరు రాసుకున్నాడు. “సరే. వచ్చే సోమవారం ఆఫీసుకొచ్చి సంతకం పెట్టండి. ఒక మాట ముందే చెప్తున్నాను. మీదే పొరపాటని రాస్తే మీ పడవ లైసెన్సు కూడా చూడాల్సి వస్తుంది. వయసు, ఇప్పుడీ చెయ్యి. మళ్ళీ ఇవ్వడం కుదరకపోవచ్చు.”

“చూడండి,” అంది వదిన.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వారం రోజులుగా బిగుసుకుపోయిన భుజాలు కొంచెం కిందికి దిగాయి. అక్క పడవ పోతుందని బాధపడలేదని కాదు. బాధపడ్డాడు. కానీ దానికంటే ముందు ఆ భుజాలు దిగాయి. అది నా కంట పడకపోతే బాగుండేది.

*

ఆ తర్వాత నేను చేసిన పనికి కారణం నా గ్లాసులు.

మా ఆయన ఖాళీ నదిలో నిండు వేగంతో వెళ్ళినప్పుడు అవి కొంచెమే కదిలేవి. కూరగాయల పడవో, చేపల పడవో కనిపించి తగ్గించినప్పుడు అంచుదాకా వచ్చేసేవి. ఇది నేను చాలా రోజులుగా చూస్తున్నాను, ఒక్కసారీ ఆలోచించలేదు. కాలేజీలో మూడేళ్ళు ఫిజిక్సు చదివి, వంటింట్లో గ్లాసులు వెనక్కి నెడుతూ కూర్చున్నాను. తగ్గిస్తే అల పెరగడమేమిటి?

కుట్టుమిషను డబ్బాలోంచి టేపు తీసుకెళ్ళి రేవు స్తంభానికి మేకులతో కొట్టాను. తెల్లది వచ్చే ముందు నీళ్ళు ఎక్కడున్నాయి, వెళ్ళాక ఎక్కడిదాకా లేచాయి, ఆ సమయంలో దాని పరుగు ఎలా ఉంది అని కాగితం మీద రాసుకున్నాను. నాలుగు రోజులు. రేవు మెట్ల మీద కూర్చుని రాసుకుంటున్న నన్ను చూసి, “సరంగుగారి భార్య చేపల లెక్క రాస్తోంది,” అని ఎవరో అన్నారు.

నిండు వేగంలో ఏడంగుళాలు. నడక వేగంలో మూడు. సగం వేగంలో పద్దెనిమిది, ఒక్కోసారి ఇరవై.

ఇంజను మేస్త్రి రేవు షెడ్డులో మరలు తుడుచుకుంటున్నాడు. కాగితం చూపించాను. ఆయనకేమీ ఆశ్చర్యం కలగలేదు.

“అంతేనమ్మా. అది పాత లాంచీ లాంటిది కాదు. పరిగెత్తితే నీళ్ళ మీదికెక్కి జారిపోతుంది. మెల్లగా పోతే తేలుతుంది. మధ్య వేగంలో వదిలారనుకోండి, బురదలో కూర్చున్న గేదెలా నడుం కిందికేసి నదినంతా ఈడ్చుకెళ్తుంది.”

“ఆయనకి చెప్పలేదా?”

“పద్నాలుగేళ్ళ సరంగమ్మా ఆయన. గ్రీజు పూసేవాణ్ణి, నేను చెప్పడమేంటి.”

కూరగాయల పడవామెని అడిగాను. ఆమె టమాటాల బుట్ట సర్దుకుంటూ నవ్వింది. “మాకు మొదటి వారమే తెలిసిపోయిందిలే. చెయ్యెత్తి దణ్ణం పెడతాం, వెంటనే రెండు చేతులా అంచులు పట్టుకుంటాం. వేగంగా పోతేనే నయం అనుకుంటాం.”

“ఎవరూ నోరు విప్పలేదా మరి?”

“ఏం చెప్తామమ్మా? పాపం మనకోసమేగా తగ్గిస్తున్నాడు. మిగతావాళ్ళు అదీ చెయ్యరు. మర్యాద చేసేవాణ్ణి పట్టుకుని నీ మర్యాద బాగాలేదని ఎవరంటారు?”

ఇంటికొచ్చేసరికి వదిన కిటికీ దగ్గర కూర్చుని, కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నదిని చూస్తోంది. ఆవిడ పడవ రేవులో తాడుకి కట్టేసి ఉంది. తెల్లది వెళ్ళినప్పుడల్లా అది స్తంభానికి కొట్టుకుంటోంది. ఆ చప్పుడుకి ప్రతిసారీ ఆవిడ కనుబొమ్మ కదులుతోంది.

“నీ కాగితం సంగతి నాకు తెలుసు,” అంది నా వైపు చూడకుండా. “ఆ టేపు పీకి డబ్బాలో పెట్టేయ్.”

“మీకు ముందే తెలుసా వదినా?”

“ముప్పై ఏళ్ళు నీళ్ళ మీద ఉన్నదాన్ని. నడుముకి తెలీదూ?”

“మరి తప్పు మీదని ఎందుకు చెప్పారు? మీ పడవ పోతుంది.”

“పోతే ఒక పడవ పోతుంది. వాడికి ఈ నదిలో ఉన్నది ఒక్క పేరు. అదీ పోతే వాడేం పెట్టుకు బతుకుతాడు? ఇంకో పాతికేళ్ళు ఆ మొహం నువ్వే చూడాలి, ఆలోచించుకో.”

నేను ఆలోచించాను. రెండు రోజులు అదే పని. కూర మాడింది. ఒకే తువ్వాలు రెండుసార్లు ఉతికాను. ఆయన అన్నం తింటుంటే చెప్దామని నోరు తెరిచి, ఇంకొంచెం వెయ్యనా అని అడిగాను. ఆయన తెల్లదాని తాళాలు తుడిచి జేబులో వేసుకుంటుంటే వంటింట్లోకి వచ్చేశాను. చెప్పకపోతే వదిన పడవ పోతుంది. చెప్తే ఆయన ఊరుకునే మనిషి కాదు, సోమవారం తనే వెళ్ళి చెప్పేస్తాడు. ఆయన సంగతి నాకు తెలుసు. తెలియకపోతే ఎంత బాగుండేదో. అప్పుడే చెప్పేసి ఉండేదాన్ని.

*

శనివారం మధ్యాహ్నం నుంచి ఆయనకి సెలవు. బదిలీ సరంగు తెల్లదాన్ని నడుపుతాడు. ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ, ప్లగ్గు తీసేసి, కాగితాన్ని బల్ల మీద పెట్టి చెప్పాను. ఎంత తక్కువ మాటల్లో చెప్పొచ్చో అంతలో చెప్పాను.

ఆయన కాగితం చూడలేదు. నన్ను చూశాడు. “నువ్వెప్పుడైనా పడవ నడిపావా?”

“లేదు.”

“మరి?”

“కొలిచాను.”

అప్పుడు కాగితం తీసుకున్నాడు. పైనుంచి కిందికి చదివాడు. వెనక ఏమైనా ఉందేమోనని తిప్పి చూశాడు. “ముప్పై ఆరుసార్లా?”

“ముప్పై తొమ్మిది. మూడుసార్లు వాన పడింది. అవి వదిలేశాను.”

“అంటే నేను మర్యాద చెయ్యడమే తప్పంటావు.”

“తప్పనలేదు. పాత లాంచీకి సరిపోయిన సగం వేగం దీనికి సరిపోదంటున్నాను. దూరం నుంచే మొత్తం తగ్గించాలి. లేకపోతే తగ్గించకూడదు.”

ఆయన చెప్పులు వేసుకుని బయటికెళ్ళాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. రేవులో బదిలీ సరంగుతో ఏదో మాట్లాడాడు. ఆ మనిషి తల గోక్కుని సరేనన్నాడు. మా ఆయన నీళ్ళకి పై మెట్టు మీద, ప్యాంటు మడవకుండా నిలబడ్డాడు. తెల్లది ఒకసారి నిండు వేగంతో దాటింది. నీళ్ళు ఆయన చీలమండల దాకా వచ్చి వెనక్కిపోయాయి. తిరుగు ట్రిప్పులో నడకలా వచ్చింది. చెప్పు అంచు తడిసింది. మూడోసారి ఆయన్ని చూసి, ఆయన చెప్పినట్టే, సగానికి తగ్గించింది. నేను అలమర తలుపు చేత్తో నొక్కి పట్టుకున్నాను.

ఆయన మోకాళ్ళ పైదాకా తడిసిపోయాడు. ఒక చెప్పు కొట్టుకుపోయింది. దాన్ని పట్టుకోవడానికి వంగలేదు. అలా నీళ్ళ వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఇంట్లోకి తడి కాళ్ళతో ఎప్పుడూ రాని మనిషి, నీళ్ళోడుతూ నేరుగా వచ్చి వంటింట్లో పీట మీద కూర్చున్నాడు.

“అందరూ చెయ్యెత్తేవాళ్ళు,” అన్నాడు.

నేను తువ్వాలు అందించాను. ఆయన తీసుకుని తుడుచుకోకుండా చేతిలోనే పెట్టుకున్నాడు.

*

సోమవారం రేవు ఆఫీసులో నలుగురికి సరిపడే గదిలో ఆరుగురం ఉన్నాం. ఆఫీసరు, ఆయన గుమాస్తా, మేనేజరు, మేం ముగ్గురం. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని ఆఫీసరు వదిన ముందుకి జరిపాడు. మా ఆయన దాని మీద అరచెయ్యి పెట్టాడు.

“అది తప్పండి. మళ్ళీ రాయాలి.”

“మీరు వేగం తగ్గించారా లేదా?” అన్నాడు ఆఫీసరు.

“తగ్గించాను. తగ్గించాల్సినంత తగ్గించలేదు, తగ్గించాల్సిన చోట తగ్గించలేదు. దాంతో అల ఇంకా పెద్దదైంది. కావాలంటే మీరొచ్చి మెట్టు మీద నిలబడండి, చూపిస్తాను. అక్క చెయ్యి ఉండాల్సిన చోటే ఉంది.”

“ఒరేయ్, నోరు ముయ్యరా,” అంది వదిన.

“ఆయనకి మనసు బాగాలేదు సార్,” అన్నాడు మేనేజరు. “అదంతా రాయకండి.”

“అమ్మా, మీరు కాసేపు ఆగండి,” అన్నాడు ఆఫీసరు వదినతో.

“నేనెందుకాగాలి. చెయ్యి నాది.”

“పోయే పడవా మీదేగా?”

ఆఫీసరు పాత కాగితాన్ని మధ్యకి చింపి, కొత్తది తీసుకున్నాడు. గుమాస్తా కలం అందుకున్నాడు. అల తనదేనని, దాని పూర్తి బాధ్యత తనదేనని మా ఆయన ఒక్కో మాటా పలుకుతూ రాయించాడు. అక్షరదోషం ఉంటే దిద్దించాడు కూడా.

ఆరు నెలలు మా ఆయన ఇంజను పడవ నడపకూడదు. రేవులకి ముందున్న ఎర్ర స్తంభాల దగ్గరికి రాకముందే తెల్లది నడక వేగానికి దిగాలి. పదకొండు నిమిషాల లెక్క రద్దు. వదిన లైసెన్సు ఉంటుంది, చెయ్యి బాగయ్యేదాకా ఇంకెవరైనా తెడ్డు వెయ్యాలి. ఎవరు వేస్తారని ఆఫీసరు అడిగాడు. మా ఆయన జేబులోంచి తాళాలు తీసి మేనేజరు ముందు పెట్టి, “నేను,” అన్నాడు.

బయట వరండాలో మేనేజరు నా దగ్గరికొచ్చాడు. “మీరు చదువుకున్నవారు,” అన్నాడు. “ముందు ఒక్క మాట నాతో అని ఉంటే సరిపోయేది.”

నాలుగు రోజులు మా ఆయన నాతో మాట్లాడలేదు. కోపం కాదు. చెప్పడానికి ఏమీ దొరకనివాడిలా ఉన్నాడు. వదిన మాట్లాడింది, అది ఇంకా కష్టం. “ఇప్పుడు నీ గ్లాసులు కదలట్లేదుగా, హాయిగా ఉందా?” అని అడిగింది. హాయిగా లేదు. అవి కదలకపోయినా నా చెయ్యి అలమర దగ్గరికి వెళ్తూనే ఉండేది.

*

వంతెన తెరవడానికి ఇంకో పది రోజులుందనగా నేను మార్కెట్టు నుంచి తిరిగి వదిన పడవలోనే వస్తున్నాను. మా ఆయన తెడ్లు వేస్తున్నాడు. వదిన ముందువైపు కూర్చుని, కట్టు తీసేసిన చేతిని ఎండలో పెట్టి వేళ్ళు ముడవడం నేర్చుకుంటూ, మధ్యమధ్య తిడుతోంది. నాతోపాటు సైకిలాయన ఒకడున్నాడు.

“ఒరేయ్ సరంగూ, నది దున్నుతున్నావా? తెడ్డు అంత లోతుకెందుకు?”

“సరేనక్కా.”

“సరే అంటాడు. మళ్ళీ అదే లోతు.”

ఎర్ర స్తంభం కంటే చాలా ముందే తెల్లది చప్పుడు అణిగిపోయింది. కొత్త సరంగు కుర్రవయసువాడు. పిల్లి నడకలా మా పక్కనుంచి వెళ్ళాడు. లోపల ప్రయాణికులు గడియారాలు చూసుకుంటూ, ఆలస్యానికి మేమే కారణమన్నట్టు మా వైపు విసుగ్గా చూశారు. మా పడవ ఊగలేదు. నీళ్ళలో నీడ కూడా చెదరలేదు. మా ఆయన తెడ్లు ఆపి, ఆ పడవ వెనక భాగాన్నే చూస్తున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. లెక్క పెడుతున్నట్టున్నాడు.

“పద్ధతిగానే వెళ్ళాడు,” అంది వదిన.

అంతలో తెల్లది వేగం అందుకుంది. మమ్మల్ని దాటింది గదా అనుకున్నాడేమో పాపం, పది బారలైనా పోకముందే హ్యాండిల్ తోసేశాడు. పడవ నడుం కుంగింది. మా ఆయన ఒక్క తెడ్డుతో మా పడవ ముక్కుని అలకి ఎదురు తిప్పాడు. లేచాం, దిగాం. నా సంచిలోంచి ఉల్లిపాయలు దొర్లాయి. సైకిలాయన సైకిల్ని కౌగిలించుకున్నాడు.

“దాటాక కూడా ఆగాలి,” అన్నాడు మా ఆయన. “చిన్న పడవ మన వెనక్కి వెళ్ళినా సరే, అల అందనంత దూరం పోయేదాకా తొయ్యకూడదు. అది వాడికెవరూ చెప్పినట్టు లేదు.”

“రేపు చెప్దువులే.”

“ఇవ్వాళ ఇంకా ఏడు ట్రిప్పులున్నాయక్కా.”

ఇల్లు ఎదురుగా కనిపిస్తోంది. ఆయన పడవని అక్కడికక్కడే వెనక్కి తిప్పి, తెల్లది వెళ్ళిన రేవు వైపు తెడ్లు వెయ్యడం మొదలుపెట్టాడు.

“అయ్యా, నేను దిగాల్సింది ఇటు,” అన్నాడు సైకిలాయన.

“తెలుసు. కూర్చోండి.”

“డ్యూటీకి ఆలస్యమైపోతుందయ్యా.”

“అయిపోయింది,” అంది వదిన అతనితో. “ఇంక కంగారెందుకు.” ఆ తర్వాత తమ్ముడి వైపు తిరిగి, “ఏటికి ఎదురు పోతున్నావు. ఒక్కడివల్ల అయ్యే పనేనా,” అని తన ఎడమ చెయ్యి ముందుకి చాపింది. వేళ్ళు తెడ్డు చుట్టూ సగమే ముడుచుకున్నాయి. వాటిని అలాగే ఒక క్షణం చూసుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

నేను ఉల్లిపాయలు ఏరడం మానేసి ఆయన పక్కన కూర్చుని ఒక తెడ్డు అందుకున్నాను. ఆయన జరిగి చోటిచ్చాడు.

“కొలవడం కాదు అది,” అంది వదిన వెనకనుంచి. “లాగు.”